టెక్ సందేహాలు: సుడో ఇచ్చినా సెగ్మెంటేషన్ ఫాల్టేనా?

ప్రశ్న: నా సీ ప్రోగ్రామ్‌లో ఒక వేరియబుల్ విలువ ఎక్కడో మారిపోతోంది, ఎవరు మారుస్తున్నారో దొరకడం లేదు. ఒక అడ్రస్‌ని ఎవరైనా ముట్టుకోగానే పట్టించే డీబగ్ రిజిస్టర్లు ప్రాసెసర్‌లో ఉంటాయని చదివి, ఇన్‌లైన్ అసెంబ్లీతో వాటిలో మొదటిదైన డీఆర్0లో దాని అడ్రస్ రాయబోయాను. లినక్స్‌లో సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చింది. సుడోతో, అంటే అడ్మిన్ (రూట్) హక్కులతో నడిపినా అంతే. రూట్‌కి కూడా అనుమతి లేదా?
– బీటెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: లేదండీ. రూట్ అనేది ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నల్ పెట్టుకున్న లెక్క. ప్రాసెసర్‌కి ఆ సంగతే తెలియదు, అది చూసేది ఏ రింగ్‌లో, అంటే ఏ అధికార స్థాయిలో ఉన్నారన్నదే: కెర్నల్‌ది రింగ్ 0, మామూలు ప్రోగ్రామ్‌లది రింగ్ 3. సుడోతో నడిపినా మీ ప్రోగ్రామ్ ఉండేది రింగ్ 3లోనే. డీబగ్ రిజిస్టర్లలో రాయాలన్నా, ఉన్నది చదవాలన్నా రింగ్ 0లో ఉండాలి. 1985లో ఇంటెల్ 80386తో ఈ రిజిస్టర్లు వచ్చినప్పటి నుంచీ ఇదే రూలు. కాదని ప్రయత్నిస్తే ప్రాసెసర్ జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్ ఇస్తుంది, కెర్నల్ దాన్నే సిగ్‌సెగ్వీ సిగ్నల్‌గా మీకు పంపుతుంది, మీకు కనిపించిన సెగ్మెంటేషన్ ఫాల్ట్ అదే. కాబట్టి ఆ మెసేజ్ చూసి పాయింటర్లలో తప్పు వెతుక్కుంటూ కూర్చోకండి.

అయితే కెర్నల్‌ని అడిగి రాయించుకునే దారి ఉంది. పేరు పీట్రేస్. డీబగ్గర్లు తమ అదుపులో ఉన్న ప్రాసెస్ కోసం దీన్నే వాడతాయి. అడిగిందల్లా కెర్నల్ ఇచ్చేయదు. మీరిచ్చిన అడ్రస్ కెర్నల్ మెమరీలోది అయితే తిప్పికొడుతుంది, ఈ దారిలో రూట్‌కైనా ఇదే జవాబు. ఈ నిఘాను ఆన్, ఆఫ్ చేసే డీఆర్7 రిజిస్టర్‌లో జీడీ అనే బిట్ ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే ఆ రిజిస్టర్లను ముట్టుకోబోయిన కెర్నల్‌కే డీబగ్ ఎక్సెప్షన్, అంటే పనిని మధ్యలో ఆపే సంకేతం, వస్తుంది. మీరు ఆ బిట్ పెట్టి పంపినా చప్పుడు చేయకుండా తీసేస్తుంది.

ఇంత చాదస్తం ఎందుకంటారా? 2018 మేలో బయటపడిన సీవీఈ-2018-8897 అనే భద్రతా లోపం చూడండి. స్టాక్ సెగ్మెంట్‌ని మార్చే పాప్ ఎస్ఎస్ ఇన్‌స్ట్రక్షన్ చదివే చోట ముందే వాచ్ (డీబగ్ రిజిస్టర్‌తో నిఘా) పెట్టి ఉంచితే, ప్రాసెసర్ ఆ డీబగ్ ఎక్సెప్షన్‌ని వెంటనే ఇవ్వదు, తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ అయ్యేదాకా ఆపుతుంది. ఆ తర్వాతిది సిస్టమ్ కాల్, అంటే కెర్నల్‌ని పని అడిగే పిలుపు అయితే? ఎక్సెప్షన్ వచ్చేసరికి మనం కెర్నల్‌లో ఉంటాం, కెర్నల్ ఇంకా తన సొంత సెటప్ చేసుకోకముందే. వాచ్ పెట్టింది యూజర్ మెమరీ మీదే, కెర్నల్ తనిఖీలో తప్పుపట్టడానికేమీ లేదు. అయినా విండోస్, లినక్స్, మ్యాక్‌ఓఎస్, ఫ్రీబీఎస్‌డీ అన్నీ ప్యాచ్‌లు ఇవ్వాల్సి వచ్చింది. ఇది చూశాక ఆ చాదస్తం ఇంకా తక్కువేనేమో అనిపిస్తుంది నాకు.

ఇక మీ పని. అసెంబ్లీ పక్కన పెట్టి జీడీబీ అనే డీబగ్గర్‌లో వాచ్ అని కొట్టి వేరియబుల్ పేరు ఇవ్వండి. జవాబులో 'హార్డ్‌వేర్ వాచ్‌పాయింట్' అని కనిపించాలి. ఉత్త 'వాచ్‌పాయింట్' అని వచ్చిందంటే జీడీబీ ఒక్కో అడుగూ ఆపి చూస్తోందన్నమాట, ప్రోగ్రామ్ వందల రెట్లు నెమ్మదిస్తుంది. అడ్రస్‌లు పెట్టుకునే రిజిస్టర్లు నాలుగే, ఒక్కోదానికి 64 బిట్ మోడ్‌లో గరిష్ఠంగా 8 బైట్లు. అంటే మొత్తం 32 బైట్లు. పెద్ద అర్రే మొత్తానికి కాపలా పెడదామంటే కుదరదు, అనుమానమున్న ఎలిమెంట్‌నే ఎంచుకోండి. లోకల్ వేరియబుల్‌కి పెట్టిన వాచ్ ఆ ఫంక్షన్ అయిపోగానే పోతుంది. పాయింటర్ చూపించే చోటు మీద, ఫంక్షన్ దాటాక కూడా నిఘా ఉండాలంటే వాచ్ పక్కన హైఫన్ ఎల్ చేర్చండి.

ప్రశ్న: ఉబుంటులో ఇప్పటికే నడుస్తున్న నా సొంత ప్రోగ్రామ్‌కే జీడీబీ అటాచ్ కావడం లేదు. 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అంటోంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఇది యామా అనే సెక్యూరిటీ మాడ్యూల్ పని. దాని పీట్రేస్ స్కోప్ సెట్టింగ్ ఉబుంటులో మామూలుగా 1 మీద ఉంటుంది, అంటే డీబగ్గర్ తాను మొదలుపెట్టిన ప్రాసెస్‌లనే పట్టుకోగలదు. ఇది ప్రాసెసర్ రూలు కాదు, కెర్నల్ రూలు. అందుకే ఇక్కడ సుడో పనిచేస్తుంది. లేదా ప్రోగ్రామ్‌ని మొదటి నుంచీ జీడీబీలోనే నడపండి. నెట్‌లో చాలామంది చెప్పినట్టు ఆ సెట్టింగ్‌ని శాశ్వతంగా 0 చేయకండి, మీ బ్రౌజర్ మెమరీని కూడా మీ అకౌంట్‌లోని ఏ ప్రోగ్రామైనా చదివే వీలు కల్పించినట్టవుతుంది.