అడగండి చెబుతాం: బట్టలమ్మి అడవి కొన్నాయన

ప్రశ్న: మా నాన్నగారు మిర్చి యార్డులో గుమస్తాగా చేరి, సొంతంగా కమిషన్ కొట్టు పెట్టారు. నాలుగు డబ్బులు కనపడితే చాలు, పొలం అంటారు. ఇంట్లో రోజూ గొడవే. టాంప్‌కిన్స్ అనే అమెరికా వ్యాపారి లక్షల ఎకరాలు కొన్నాడట. ఒక్క మనిషికి అంత భూమి దేనికండీ?
– పేరు వేయొద్దన్న పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు మీ నాన్నగారి జోలికి పోకండమ్మా. పొద్దున ఒక రేటు, మధ్యాహ్నం ఒక రేటు పలికే సరుకుతో బతికినాయన. కదలకుండా పడుండే ఆస్తి మీద మనసుపడితే తప్పేముంది?

డగ్లస్ టాంప్‌కిన్స్ హైస్కూలు కూడా గట్టెక్కలేదు. 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొండలెక్కేవాళ్ల సామాన్ల కొట్టు తెరిచాడు. అదే నార్త్ ఫేస్. బీసెంట్ రోడ్డులో బ్యాగుల మీద కనపడే పేరే, అక్కడివి అసలువో కాదో నన్నడక్కండి. దాన్ని 50 వేల డాలర్లకే వదిలించుకున్నాడు. అసలు సంపాదన, మొదటి భార్య సూసీతో కలిసి నడిపిన ఎస్ప్రిట్ బట్టల కంపెనీలో. అదీ మొహం మొత్తి, వాటా అమ్ముకుని చిలీ వెళ్లిపోయి, 1991లో అడవి కొనడం మొదలుపెట్టాడు. రెండో భార్య క్రిస్‌తో కలిసి చిలీ, అర్జెంటీనాల్లో కొన్నది దాదాపు 20 లక్షల ఎకరాలు.

జనం ఊరుకుంటారా? చిలీ సన్నగా పొడుగ్గా ఉండే దేశం. ఈయన భూమి కొండల నుంచి సముద్రం దాకా అడ్డంగా పడేసరికి దేశాన్ని రెండు ముక్కలు చేశాడన్నారు. గూఢచారి అన్నారు. అణు చెత్త పోయడానికన్నారు. మన దగ్గరైతే రింగు రోడ్డు మ్యాపు ముందే చూశాడనేవాళ్లం.

నాకు నచ్చింది ఒకటుంది. చకబుకో లోయలో పెద్ద గొర్రెల క్షేత్రం కొని, మైళ్ల కొద్దీ కంచె తీగ పీకించేశాడు, అడవి జంతువులు తిరగడానికి. ఇక్కడ గెట్టు జానెడు జరిగితే స్టేషనుకెక్కుతాం! గొర్రెలే బతుకైన చుట్టుపక్కలవాళ్లు మాత్రం ఆయన్ని తిట్టుకున్నారు, వాళ్ల బాధా నిజమే.

2015 డిసెంబరులో చిలీ దక్షిణాన పటగోనియా ప్రాంతంలోని ఓ సరస్సులో పడవ తిరగబడి, చలికి పోయాడు. 2018లో క్రిస్ సుమారు 10 లక్షల ఎకరాలు జాతీయ పార్కుల కోసం చిలీ ప్రభుత్వానికి రాసిచ్చేసింది.

ప్రశ్న: మన దగ్గర అలా కొనగలరా?
– ఓ కాలేజీ కుర్రాడు, పటమట, విజయవాడ

జవాబు: సాగుభూమైతే కుదరదు బాబూ. 1973 సీలింగు చట్టం ప్రకారం ఐదుగురి లోపు కుటుంబానికి, నేల రకాన్ని బట్టి, మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు. అంతే. డ్రైవరు పేరున కొన్నది ఎవరి లెక్కలోకొస్తుందని మాత్రం ఉత్తరం రాయకు.