జిప్సీ సీట్లు పారేయకండి, ముందు కొలత తీయండి

మీ ప్రశ్న ఇది: భూపాలపల్లి నుంచి వారానికి రెండుసార్లు ఏటూరునాగారం వైపు వెళ్లి వస్తున్నారు. మీ 1998 మారుతి జిప్సీ కింగ్ జీపులో గంట దాటేసరికి నడుము పట్టేస్తోంది, కుడి తొడ మొద్దుబారుతోంది. ముందు సీట్లు తీసేసి ఏదైనా కారు సీట్లు బిగించాలా, లేక ఉన్నవాటినే బాగు చేయించాలా అని అడిగారు.

బాగు చేయించండి. ఈ రెండు దారులూ నేను నడిచి చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మాది హనుమకొండ. సోలార్ పంపుసెట్ల పని మీద ములుగు, గోవిందరావుపేట, తాడ్వాయి మండలాలు తిరుగుతాను. 1997 నాటి జిప్సీని 2019లో కొన్నాను. మొదటి ఏడాదే కారు సీట్లు వేయించి, పద్నాలుగు నెలలు వాటితో తిరిగి, మళ్లీ పాత సీట్లకే వచ్చాను. ఒక్క మాట ముందే చెప్పాలి. మీ మొద్దుబారడం మోకాలు దాటి పాదం వరకూ వస్తున్నా, బండి దిగిన తర్వాత కూడా పోకపోయినా, సీటు సంగతి పక్కన పెట్టి ఎముకల వైద్యుడిని కలవండి. దిగి నాలుగు అడుగులు వేయగానే పోతుంటే అది సీటు పనే కావచ్చు.

కారు సీట్ల అనుభవం ముందు చెబుతాను, ఎందుకంటే మీకు అందరూ ఇచ్చే సలహా అదే. పాత సామాన్ల దుకాణంలో ఒక చిన్న కారు సీట్లు దొరికాయి. చూడటానికి కొత్తవాటిలాగే ఉన్నాయి, వేలితో నొక్కితే వెన్నలా దిగాయి. సీటును ముందుకూ వెనక్కూ జరిపే వాటి పట్టాలు జిప్సీ నేలకు కలవవు కాబట్టి యాంగిల్ ఇనుముతో స్టాండు చేసి, దాని మీద బిగించారు. మొదటి రోజు హంటర్ రోడ్డులో తిరిగితే హాయిగా అనిపించింది. ములుగు దాటి పస్రా వరకు వెళ్లేసరికి అసలు సంగతి తెలిసింది. స్టాండు వల్ల నేను రెండున్నర అంగుళాలు పైకి లేచాను. ముందు అద్దం పై పట్టీ సరిగ్గా కళ్ల ముందుకు వచ్చింది, తల వంచితే గానీ సిగ్నలు దీపం కనపడదు. మోకాళ్లు స్టీరింగుకు తగిలాయి. సీటు మధ్యభాగం స్టీరింగు మధ్యకు సరిగ్గా లేదు, రెండు వేళ్లు లోపలికి జరిగింది. ఆ రెండు వేళ్ల తేడాకే రోజంతా నడుము మెలితిరిగి ఉండేది. వీపు వాల్చే మర తలుపుకు ఆనుకోవడంతో దాన్ని తిప్పడానికి ప్రతిసారీ తలుపు తెరవాల్సి వచ్చేది.

వీటన్నింటి కంటే పెద్దది మరొకటి. తాడ్వాయి అడవి దారిలో ఒకసారి కల్వర్టు దిగుతుంటే సీటు కింద టక్కుమని చప్పుడైంది. ఇంటికి వచ్చి కింద పడుకుని చూస్తే స్టాండు మూలన వెల్డింగ్ పగిలి ఉంది. నాలుగు కాళ్లలో ఒకటి గాలిలో ఉంది. ఆ సీటు మీద మా అమ్మాయిని కూర్చోబెట్టుకుని అంతకు ముందు రోజే రామప్ప వెళ్లి వచ్చాను. ఆ రాత్రే ఆ సీట్లు తీసేశాను.

మెత్తటి సీటు జిప్సీలో ఎందుకు పనిచేయదో తర్వాత అర్థమైంది. ఈ బండికి నాలుగు చక్రాలకూ పట్టా స్ప్రింగులే, అంటే లీఫ్ స్ప్రింగులు. బరువు మోయడానికి, గోతులు దాటడానికి అవి గట్టివి, కానీ కుదుపును మింగవు, పైకి పంపిస్తాయి. ఫోము కూడా ఒక స్ప్రింగే. కూర్చున్న మనిషి ఒళ్లు, సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు ఊపుకు ఎక్కువగా లోనవుతుంది. మెత్తటి మందపాటి ఫోము సరిగ్గా ఆ దగ్గర్లోనే ఊగుతుంది, అంటే కింది నుంచి వచ్చిన కుదుపును తగ్గించకపోగా కొంత పెంచుతుంది. కారులో ఆ పని కింది స్ప్రింగులు, షాక్ అబ్సార్బర్లు చూసుకుంటాయి కాబట్టి సీటు మెత్తగా ఉన్నా చెల్లుతుంది. జిప్సీకి కావలసింది మెత్తదనం కాదు, ఆసరా.

ఇప్పుడు మీ సీటు సంగతి. దుకాణానికి వెళ్లే ముందు ఒక టేపు, ఒక దుప్పటి, ఒక తువ్వాలు తీసుకోండి. ఖాళీ సీటు ముందు అంచు, వెనుక మూల నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో కొలవండి. తర్వాత మీరు కూర్చుని, ఇంకొకరిచేత అవే రెండు చోట్ల మళ్లీ కొలిపించండి. నా సీటులో ముందు అంచు మూడు సెంటీమీటర్లు దిగితే వెనుక భాగం తొమ్మిది దిగింది. పిడికిలితో నొక్కితే స్ప్రింగు తీగ వేళ్లకు తగిలింది. అప్పటిదాకా నేను వీపు దిండునే తప్పు పట్టాను. నిజానికి కూర్చునే చోట వెనుక భాగం గుంట పడి, తుంటి వెనక్కి దొర్లిపోతోంది. తుంటి వెనక్కి దొర్లితే నడుము వంపు పోయి వెన్ను విల్లులా వంగుతుంది. ఆ భంగిమలో ప్రతి గుంతా నేరుగా నడుము మీదే పడుతుంది. అదే సమయంలో ముందు అంచు పైకి లేచినట్టయి తొడ కింద ఒత్తుతుంది. యాక్సిలరేటరు మీద కదలకుండా ఉండే కుడి కాలికి ఆ ఒత్తిడి మరీ ఎక్కువ. మీరు చెప్పిన రెండు బాధలూ ఒకే గుంట నుంచి వస్తున్నాయేమో చూడండి.

దుప్పటిని నాలుగు మడతలు వేసి సీటు వెనుక సగంలో మాత్రమే పరిచి, తువ్వాలును చుట్టగా చుట్టి బెల్టు కట్టుకునే ఎత్తులో వీపు వెనుక పెట్టుకుని, ఒక వారం అలాగే తిరగండి. మడతలు పెంచుతూ, తగ్గిస్తూ చూడండి. ఏ మందం దగ్గర నొప్పి తగ్గిందో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితమే సీటు కుట్టే ఆయనకు మీరు ఇవ్వవలసిన కొలత. మడతలు ఎన్ని మార్చినా తేడా లేకపోతే సీటు పట్టాలు చూడండి. పట్టాలు అరిగి సీటు పక్కలకు ఊగుతుంటే, నిలదొక్కుకోవడానికి నడుము కండరాలు రోజంతా బిగుసుకునే ఉంటాయి. కిరోసిన్‌తో కడిగి గ్రీజు పెట్టినా ఆ ఊగడం పోకపోతే పట్టాలు మార్చాల్సిందే. వాటిని వెల్డింగ్‌తో బిగించనివ్వకండి, అప్పుడు సీటు ముందుకూ వెనక్కూ జరగదు.

నా సీట్లు బాగుచేసింది వరంగల్‌లో ముప్పై ఏళ్లకు పైగా కుషన్ పని చేస్తున్న ఒక పెద్దాయన. చాచా అని పిలుస్తాను. పాత కవరు విప్పగానే ఫోము పసుపు పొడిగా రాలింది. దాని కింద స్ప్రింగులకూ ఫోముకూ మధ్య ఉండవలసిన గోనె గుడ్డ ఎప్పుడో చిరిగిపోయింది, తీగలు ఫోములోకి దిగి కోసేశాయి. నేను కొత్త ఫోము వేయమంటే ఆయన తల అడ్డంగా ఊపారు.

"ముందు కింద నేల గట్టిగా ఉండాలి సార్. గుంతలో పరుపు వేస్తే పరుపూ గుంతే అవుతుంది."

తెగిన రెండు స్ప్రింగులు మార్చి, కొక్కేల దగ్గర కిర్రుమనకుండా ప్లాస్టిక్ గొట్టం ముక్కలు తొడిగారు. స్ప్రింగుల మీద మంచానికి అల్లినట్టు నవారు అడ్డంగా, నిలువుగా లాగి కట్టారు. దాని మీద దళసరి గోనె గుడ్డ. ఆ పైన ఒక అంగుళం రీబాండ్ ఫోము, అంటే ముక్కలను అదిమి అతికించిన గట్టి రకం. తర్వాత రెండు అంగుళాల 40 డెన్సిటీ ఫోము, అన్నింటికీ పైన ఒక అంగుళం మెత్తటి పొర. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. డెన్సిటీ 40 అంటే ఘనపు మీటరు ఫోము 40 కిలోలు తూగుతుందని మాత్రమే. అది ఎన్నాళ్లు మన్నుతుందో కొంత చెబుతుంది గానీ ఎంత గట్టిగా ఉంటుందో చెప్పదు. ఒకే డెన్సిటీలో గట్టిదీ మెత్తదీ రెండూ దొరుకుతాయి. అందుకే దుకాణంలో ముక్కను నేల మీద వేసి దాని మీద మోకాలు ఆనించి చూడండి. మోకాలు నేలను తాకినట్టు అనిపిస్తే అది మీకు పనికిరాదు. నా బరువు 82 కిలోలు. పక్క సీటులో ఎక్కువగా కూర్చునే మా ఆవిడ బరువు 55. ఆ సీటులో మధ్య పొర కాస్త మెత్తటిది వేయించాం. రెండు సీట్లకూ ఒకే ఫోము వేస్తే ఇద్దరిలో ఒకరికి తప్పకుండా ఇబ్బందే.

తోక ఎముక వచ్చే చోట గట్టి పొరలో అరచేతి అంత గుంట కోయించి మెత్తటి ముక్క నింపించాను. ముందు అంచును గుండ్రంగా చెక్కించాను. నడుము ఆసరా ముక్కను చాచా మొదట నాలుగు వేళ్లు ఎత్తులో పెట్టారు, అది పక్కటెముకలకు తగిలింది. నేను కూర్చున్నాక బెల్టు ఎత్తును సుద్దతో గీసి, ముక్కను అక్కడికి దించాం.

ఇక నేను మీకు చెప్పదలచుకున్న వాటన్నింటిలో ముఖ్యమైనది. కవరు కుట్టనివ్వకముందే సీటును బండిలో బిగించుకుని ఒక ప్రయాణం చేయండి. చాచా దీనికి ముందు ఒప్పుకోలేదు.

"పచ్చి సీటు మీద బండి నడుపుతారా సార్? చూసినవాళ్లు నా పని ఇంతేననుకుంటారు."

"మీ పని బాగుండాలనే చాచా. కుట్టిన తర్వాత విప్పమంటే మీకూ నాకూ నష్టమే కదా."

ఫోము మీద పాత దుప్పటి చుట్టి, తాడుతో కట్టి, ములుగు వెళ్లి వచ్చాను. రానూపోనూ దాదాపు 100 కిలోమీటర్లు. తిరిగి వచ్చేటప్పుడు తొడ కింద ఇంకా కొంచెం ఒత్తిడి తెలిసింది. ముందు అంచు నుంచి అర అంగుళం తీయించాను. ఆ అర అంగుళం కవరు కుట్టాక తెలిసి ఉంటే అలాగే సర్దుకుపోయేవాణ్ణి. 2021లో రెండు సీట్లకూ కవర్లతో కలిపి నాకు 7,800 రూపాయలు అయింది. పాత కవరును పారేయనివ్వకండి, విప్పిన ముక్కలే కొత్తదానికి నమూనా.

కవరు విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. మన దగ్గర మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలు చేరినప్పుడు, గుడ్డ పైకప్పు బండిలో పూర్తి రెక్సిన్ సీటు మీద కూర్చోవడం శిక్ష. చెమట పట్టి జారుతారు, జారినప్పుడల్లా నడుము మళ్లీ వంపు తప్పుతుంది. పక్కలకు రెక్సిన్, మధ్యలో గాలి ఆడే గుడ్డ వేయించుకోండి. నేను దాని మీద కొత్తవాడ మగ్గాల జంపఖానా ఒకటి సీటు కొలతకు అంచులు కుట్టించి పరిచాను. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలు కాబట్టి చెమట పీలుస్తుంది, ఉతికి ఆరేసుకోవచ్చు. వానాకాలంలో సీటు తడిస్తే కవరు పైన తుడిచి ఊరుకోకండి, సీటు విప్పి నిలబెట్టి రెండు రోజులు ఆరనివ్వండి.

ఇంత చెప్పినా మీ సీటు చట్రమే తుప్పు పట్టి, వీపు కీలు దగ్గర పగిలి ఉంటే, మార్చక తప్పదు. అప్పుడు కూడా ముందుగా ఇంకో జిప్సీ సీటు కోసమే వెతకండి. దొరకక వేరే సీటు తెస్తే నా తప్పు చేయవద్దు. నేల నుంచి ఎత్తు, తలుపుకూ గేరు కర్రలకూ మధ్య వెడల్పు కొలుచుకున్నాకే డబ్బు ఇవ్వండి. తల మీద 8.8 అని చెక్కి ఉన్న బోల్టులే వాడాలి. బోల్టు కింద నేల రేకుకు అవతల అరచేతి అంత మూడు మిల్లీమీటర్ల ఉక్కు పలక పెట్టాలి, లేకపోతే గట్టిగా బ్రేకు వేసిన రోజు బోల్టు రేకును చీల్చుకుని వచ్చేస్తుంది. చాలా కార్లలో సీటు బెల్టు లాకు సీటుకే బిగించి ఉంటుంది. అంటే గుద్దుకున్నప్పుడు మనిషి బరువు పడేది కూడా ఆ సీటు కాళ్ల మీదే. జిప్సీ బెల్టు లాకును దాని చోటునే ఉంచండి. సీటు కింద పసుపు రంగు వైరు కనిపిస్తే అందులో ఎయిర్ బ్యాగ్ ఉండవచ్చు, ఆ సీటును ముట్టుకోవద్దు. మీ స్నేహితులెవరికైనా పాత విల్లీస్ తరహా జీపు ఉండి ఇదే పని తలపెడితే, వాటిలో డ్రైవరు సీటు కిందే ఇంధన ట్యాంకు ఉంటుందని చెప్పండి, అక్కడ వెల్డింగ్ మాట ఎత్తకూడదు.

చట్టం సంగతి అడగలేదు గానీ, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు మారేలా బండిని మార్చకూడదు. సీట్ల సంఖ్య ఆ వివరాల్లో ఒకటి. పాత సీటును బాగు చేయించుకుంటే ఆ ఇబ్బందే లేదు. మీ బండి 15 ఏళ్లు దాటింది కాబట్టి అయిదేళ్లకోసారి రెన్యువల్‌కు చూపించాల్సి ఉంటుంది, ఊగే సీటుతో అక్కడికి వెళ్లకండి.

టైర్లలో గాలి కంపెనీ పుస్తకంలో రాసినంతే ఉందా, పట్టా స్ప్రింగుల చివర్ల ఉండే బుష్‌లు అరిగాయా అన్నది కూడా ఈలోపు చూసుకోండి. నా బండికి పెట్రోలు బంకులో కారుకు కొట్టినంత గాలి కొట్టేవారు. అది తగ్గించిన రోజే సగం దడదడ పోయింది.

నా సీట్లు ఇప్పటికి నాలుగు వానాకాలాలు చూశాయి. పోయిన నెల మళ్లీ కొలిచాను. కూర్చుంటే వెనుక భాగం నాలుగు సెంటీమీటర్లు, ముందు అంచు మూడు దిగుతున్నాయి. మీ సీటు నాలుగు కొలతలు, మీ బరువు, దుప్పటి ఎన్ని మడతల దగ్గర హాయిగా అనిపించిందో రాయండి. ఏ పొర ఎంత మందం వేయించాలో చాచాను అడిగి చెబుతాను.