కెమెరా సందేహాలు: కారుకు ఒక దూరం, మనిషికి ఒక దూరం

ప్రశ్న: మా బాబాయిగారు పాత కార్లు కొని, బాగుచేయించి అమ్ముతారు. అమ్మకానికి పెట్టిన కార్ల ఫొటోలూ, కారు కొన్న కుటుంబం తాళాలు అందుకొని దాని పక్కన నిలబడినప్పుడు తీసే ఫొటోలూ నేనే తీస్తున్నాను. నా దగ్గర కానన్ 1500డి కెమెరా, దానితోపాటు వచ్చిన 18-55 లెన్స్ ఉన్నాయి. కార్ల ముందుభాగం ఉబ్బినట్లు వస్తోంది. మనుషుల ఫొటోలలో వెనుక ఉన్న షెడ్డూ, టైర్లూ, గోడమీది రాతలూ అన్నీ స్పష్టంగా పడి చూపు ముఖాల మీద నిలవడం లేదు. రెండింటికీ పనికివచ్చేలా 50 ఎంఎం ఎఫ్/1.8 కొనమని కొందరు, 24 ఎంఎం కొనమని మరికొందరు చెబుతున్నారు. ఏది కొనమంటారు?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు చెప్పిన రెండు ఇబ్బందులకూ కారణాలు వేరు కనుక వాటిని విడివిడిగా చూద్దాం. ముందుగా ఒక మాట: లెన్స్ మీది ఎంఎం అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెడల్పు ఫ్రేములో పడుతుంది, ఎఫ్/ పక్కన ఉండే అంకె తగ్గేకొద్దీ లెన్స్ రంధ్రం పెద్దదై స్పష్టంగా కనిపించే లోతు తగ్గుతుంది.

కారు ముందుభాగం ఉబ్బడం లెన్స్ లోపం కాదు, మీరు కారుకు మరీ దగ్గరగా నిలబడటం వల్ల వచ్చినది. బంపర్‌కు 2 మీటర్ల దూరంలో నిలబడి, కారంతా ఫ్రేములో పట్టాలని జూమ్‌ను 18 దగ్గరకు తిప్పారనుకోండి. కారు పొడవు 4 మీటర్లయితే దాని వెనుక అంచు మీకు 6 మీటర్ల దూరంలో ఉంటుంది, అంటే ముందున్న భాగాలు వెనుక భాగాల కంటే మూడింతలు పెద్దవిగా చిత్రంలో పడతాయి. అదే కారును 10 మీటర్ల దూరం నుంచి తీస్తే ఆ తేడా 10కి 14గా, అంటే ఒకటిన్నర రెట్ల లోపుగా తగ్గిపోతుంది, కారు కంటికి కనిపించే ఆకారంలోనే వస్తుంది. మనిషి ముఖాన్ని మరీ దగ్గర నుంచి తీసినప్పుడు ముక్కు పెద్దదై చెవులు వెనక్కు పోవడానికీ కారణం ఇదే. ఎంత దూరంలో నిలబడాలో ముందు నిర్ణయించుకోవాలి, ఆ దూరం నుంచి ఫ్రేమును నింపే లెన్స్ ఏదో తరువాత చూసుకోవాలి. చాలామంది ఈ పనిని తలకిందులుగా చేస్తారు.

ఇప్పుడు కొలతలకు వద్దాం. మీ కెమెరాలో చిత్రం పడే పలక, అంటే సెన్సర్ వెడల్పు సుమారు 22.3 మిల్లీమీటర్లు. మన రోడ్లమీద తిరిగే చిన్న కార్లలో చాలావాటి పొడవు 4 మీటర్ల లోపే ఉంటుంది. అటూ ఇటూ అర మీటరు చొప్పున ఖాళీ వదిలి అలాంటి కారును పక్క నుంచి పూర్తిగా తీయాలంటే 18 ఎంఎంతో 13 అడుగులు, 24తో దాదాపు 18 అడుగులు, 35తో 26 అడుగులు, 50తో దాదాపు 37 అడుగులు వెనక్కు వెళ్ళాలి. మీ బాబాయిగారి ఆవరణను ఒకసారి టేపుతో కొలిచి చూడండి. 37 అడుగుల ఖాళీ లేకపోతే 50 ఎంఎం లెన్స్‌తో ఆ ఆవరణలో కారు మొత్తం పట్టదు. కనీసం 26 అడుగులు దొరికితే మీ పాత జూమ్‌నే 35 దగ్గర ఉంచి తీయండి, ఉబ్బు చాలావరకు పోతుంది. అంత చోటు కూడా లేకపోతే కారును ఉదయం పూట ఎండ తీవ్రం కాకముందే దగ్గరలోని ఖాళీ మైదానానికి తీసుకువెళ్ళడం కొత్త లెన్స్ కొనడం కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

నిలిచి ఉన్న కారుకు ఎఫ్/1.8 అవసరమే లేదు. కొనేవారికి ముందు లైటు నుంచి వెనుక చక్రం వరకు అంతా స్పష్టంగా కనిపించాలి కాబట్టి ఎఫ్/8 పెట్టి, వెలుతురు తగ్గితే ట్రైపాడ్ వాడండి. ఎఫ్/8 దగ్గర మీ 18-55 ఎవరూ వంక పెట్టలేనంత మంచి చిత్రాన్ని ఇస్తుంది.

మనుషుల విషయం వేరు. అక్కడ 50 ఎంఎం ఎఫ్/1.8 నిజంగా ఉపయోగపడుతుంది. ఒక మనిషిని తల నుంచి మోకాళ్ళ వరకు నిలువు ఫ్రేములో తీయడానికి ఆ లెన్స్‌తో సుమారు 9 అడుగుల దూరంలో నిలబడతారు. అది ముఖాన్ని వికారం చేయని దూరం, ఎదుటివారితో మామూలు గొంతుతో మాట్లాడగలిగే దూరం కూడా. ఎఫ్/1.8 దగ్గర స్పష్టంగా ఉండే లోతు అక్కడ సుమారు 20 సెంటీమీటర్లు మాత్రమే కనుక, మనిషికి 10 అడుగుల వెనుక ఉన్న కారు ఆకారమూ రంగూ తెలిసేటంతగా మెత్తబడుతుంది, మీరు చెప్పిన టైర్లూ రాతలూ కలిసిపోతాయి. అయితే కుటుంబమంతా నిలబడినప్పుడు ఎఫ్/1.8 వాడవద్దు. తండ్రి ముఖం స్పష్టంగా వచ్చి, ఒక అడుగు వెనుక నిలబడిన పాప ముఖం మసకబారితే ఆ ఇంటివారికి ఆ ఫొటో పనికిరాదు. అందరినీ ఒకే వరుసలో నిలబెట్టి, మరికొంత వెనక్కు వెళ్ళి ఎఫ్/4 లేదా ఎఫ్/5.6 పెట్టండి.

24 ఎంఎం మీకు వద్దు. ఆ కొలత మీ జూమ్‌లోనే ఉంది, కారు లోపలి భాగం తీయడానికేమో అది చాలదు, 18 కావాలి.

కార్ల కోసం డబ్బు పెట్టదలిస్తే లెన్స్ కంటే ముందు ఒక సర్క్యులర్ పోలరైజర్ ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించి తిప్పే ప్రత్యేకమైన అద్దం) కొనండి. దీని గురించి మీరు అడగకపోయినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను, ఎందుకంటే కార్ల ఫొటోలకు ఇంతగా పనికివచ్చే వస్తువు మరొకటి నాకు తెలియదు. ముందు అద్దం మీద పడే ఆకాశపు తెలుపును, బానెట్ మీది మెరుపును అది తగ్గిస్తుంది, రంగు అసలు రంగులా కనిపిస్తుంది. క్రోమ్ పట్టీల మీది మెరుపు మాత్రం పోదు, వట్టి లోహం మీద అది పనిచేయదు. మెరుపును పూర్తిగా తుడిచివేయకండి, కారు ఒంపులు మనకు తెలిసేది ఆ ప్రతిబింబాల వల్లనే. పక్క అద్దాలలోనో వెనుక అద్దంలోనో మచ్చలు గళ్ళుగా కనిపిస్తే అది ఫిల్టర్ లోపం కాదు, గట్టిపరచిన అద్దంలో ఉండే ఒత్తిడి అలా బయటపడుతుంది. మీ 18-55 ముందు వలయం 58 మిల్లీమీటర్లు, కానన్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం వలయం 49 మిల్లీమీటర్లు. 58 ఫిల్టర్ ఒకటి, 49 నుంచి 58కి మార్చే చిన్న రింగు ఒకటి తీసుకుంటే రెండు లెన్సులకూ సరిపోతుంది. 18-55లో కొన్ని రకాలకు ఫోకస్ అయ్యేటప్పుడు ముందుభాగం తిరుగుతుంది. మీదీ అలాంటిదైతే ముందు ఫోకస్ చేసి, ఆ తరువాతే ఫిల్టర్‌ను తిప్పండి.

50 కొనేముందు ఒక వారం పాటు మీ జూమ్‌ను 50 దగ్గరే ఉంచి, తిప్పకుండా మనుషుల ఫొటోలన్నీ తీసి చూడండి. ఆ దూరం మీకు నప్పితే కొనండి.

ప్రశ్న: 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన జరిగిన ‘ఫార్ములా-ఈ’ విద్యుత్ రేసు కార్ల పందెంలో ప్రేక్షకుల గ్యాలరీ నుంచి 55-250 లెన్స్‌తో ఫొటోలు తీశాను. షట్టర్ స్పీడ్ 1/2000 పెట్టాను. అన్నీ స్పష్టంగానే ఉన్నాయి కానీ కార్లు రోడ్డు మీద ఆపి ఉంచినట్లు కనిపిస్తున్నాయి. ఇంకా పెద్ద లెన్స్ కావాలా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అవసరం లేదు. షట్టర్ స్పీడ్ అంటే షట్టర్ తెరుచుకొని ఉండే సమయం. 1/2000 సెకనులో చక్రం చాలా కొద్దిగా మాత్రమే తిరుగుతుంది, అందువల్ల దాని పుల్లలు విడివిడిగా కనిపించి కారు ఆగినట్లు అనిపిస్తుంది. షట్టర్ స్పీడ్‌ను 1/125కు తగ్గించి, పాదాలు కదపకుండా నడుము నుంచి పైభాగాన్ని మాత్రమే కారుతోపాటు తిప్పుతూ, క్లిక్ చేసిన తరువాత కూడా ఆ తిప్పడం ఆపకుండా తీయండి. కారు నిలిచి, చక్రాలూ వెనుక నేపథ్యమూ గీతలుగా సాగుతాయి. చేయి కుదిరాక 1/60కు దిగండి. మొదట్లో పదింటిలో తొమ్మిది పాడవుతాయి, దానికి దిగులు పడవద్దు. పందెం కోసం ఎదురుచూడకుండా, మీ వీధి చివర రోడ్డుకు కాస్త ఎడంగా నిలబడి, వచ్చే ఆటోల మీద రోజుకు అరగంట సాధన చేయండి.