జేసీబీ కొనే డబ్బు సరే, దాన్ని నిలబెట్టే డబ్బు ఏది?

మంగళగిరి దగ్గర నుంచి ఒక సోదరుడు రాశారు. అమరావతి చుట్టుపక్కల తుమ్మ కంప కొట్టడం, మొద్దులు పెకలించడం, ప్లాట్లు చదును చేయడం ఆయన పని. జేసీబీని గంటకు 1,200 లెక్కన, డీజిల్, ఆపరేటర్‌తో కలిపి బాడుగకు తెచ్చుకుంటున్నారు. ఇప్పుడు శ్రావణంలో మంచిరోజు చూసుకుని 20 లక్షలకు సెకండ్ హ్యాండ్ బండి కొందామని ఉంది. బ్యాంకులో ఉన్నది 9 లక్షలు. అందులో 8 లక్షలు డౌన్ పేమెంట్ కట్టి, మిగతా 12 లక్షలు ఫైనాన్స్‌లో మూడేళ్లకు తీసుకోవాలని ఆలోచన. కొనొచ్చా, ఇన్సూరెన్స్ ఏది తీసుకోవాలి, ఫైనాన్స్ వాళ్లు నాన్నగారి పొలం పత్రాలు అడుగుతున్నారు ఇవ్వొచ్చా అని ప్రశ్నలు.

కొనొచ్చు. కానీ ఇప్పుడు కాదు, ఈ లెక్కతో కాదు.

ముందు వడ్డీ సంగతి. ఫైనాన్స్ వాళ్లు 9 శాతం అని చెప్పారట కదా, అది ఫ్లాట్ రేటు. మీరు ప్రతి నెలా అసలు తీరుస్తూ పోతున్నా వడ్డీ మాత్రం మొత్తం 12 లక్షల మీదే మూడేళ్లూ వేస్తారు. వడ్డీ 3 లక్షల 24 వేలు, ఈఎంఐ సుమారు 42,300. తగ్గే బాకీ మీద లెక్కకడితే ఇది 16 శాతం పైనే పడుతుంది. అందుకే ఎవరిని అడిగినా "రెడ్యూసింగ్‌లో ఎంత?" అనే అడగండి, జవాబు కాగితం మీద రాయించుకోండి.

ఇక పని గంటలు. మీరు రాసిన ప్రకారం ఎనిమిది నెలలు నెలకు 160 గంటలు, వానాకాలం నాలుగు నెలలు 40 గంటలే. సొంత బండికి గంటకు డీజిల్ 580, రిపేర్లకు పక్కన పెట్టాల్సింది 120, మొత్తం 700 వేసుకుందాం. తిరిగినా తిరగకపోయినా ఈఎంఐ, ఆపరేటర్ జీతం 22 వేలు, ఇన్సూరెన్స్, ట్యాక్సులకు 5 వేలు కలిపి నెలకు 69,300 తప్పదు. పని బాగున్న నెలలో బాడుగతో పోలిస్తే మీకు మిగిలేది పది వేల చిల్లర. వానాకాలం నెలలో బాడుగకైతే 48 వేలతో పోయేది, సొంత బండికి 97 వేలు దాటుతుంది. అంటే నాలుగు నెలల్లో దగ్గర దగ్గర 2 లక్షలు అదనంగా చేతి నుంచి పెట్టుకోవాలి. ఈఎంఐలు అయిపోయాక ఇదే బండి మీకు ఏడాదికి 4 లక్షల దాకా ఆదా చేస్తుంది, కాబట్టి కొనడం తప్పు అనను. అక్కడిదాకా నిలబడటమే కష్టం, ఎందుకంటే 8 లక్షలు కట్టేశాక మీ దగ్గర లక్షే ఉంటుంది, నల్లరేగడి తడిసి పని ఆగిన మొదటి రెండు నెలల్లోనే అది ఆవిరైపోతుంది.

కాబట్టి వానాకాలానికి 2 లక్షలు, పెద్ద రిపేరుకు లక్షన్నర, ఈ మూడున్నర లక్షలు ముట్టుకోకుండా ఉంచి, ఆ పైన 8 లక్షలు ఉన్నప్పుడే దిగండి. మీకు తగ్గుతున్నది రెండున్నర లక్షలు. కార్తీకం దాటనివ్వండి, పోగైతే అప్పుడు కొంటే ముందు ఏడు నెలల పని సీజన్ ఉంటుంది, పోగవకపోతే ఇంకొంచెం ఆగండి. ఈలోగా మీ ఖాళీ గంటల్లో బండి ఎవరికి బాడుగకు వెళ్తుందో ఇద్దరు ముగ్గురు కాంట్రాక్టర్లతో మాట్లాడి పెట్టుకోండి, నెలకు 30 గంటలు అదనంగా తిరిగితే గంటకు ఆ 700 ఖర్చు పోను 15 వేలు వస్తుంది, అది చిన్న మొత్తం కాదు.

మొద్దులు కోసే చైన్‌సాలు, అంటే మోటారు రంపాలు, కావాలంటే అవి మాత్రం అప్పు చేసి కొనకండి, నగదు పెట్టే కొనండి.

బండి చూడ్డానికి వెళ్లినప్పుడు, ఎన్ని గంటలు తిరిగిందో చూపే అవర్ మీటర్‌ను నమ్మకండి, దాన్ని మార్చేయొచ్చు. ఆటోనగర్‌లో మీకు తెలిసిన హైడ్రాలిక్ మెకానిక్‌కు రోజు కూలి ఇచ్చి తీసుకెళ్లండి. పిన్నులు, బుష్‌ల దగ్గర లూజు ఎంత, ఇంజన్ వేడెక్కాక బూమ్ (తవ్వే చేయి) ఎత్తి ఆపితే అదే జారిపోతోందా అని ఆయన చూస్తారు. ఆర్సీలో పాత ఫైనాన్స్ ఉంటే, ఆ కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆర్సీలోంచి ఆ అప్పు తీసేయించే ఫారం 35 చేతికి రాకుండా అడ్వాన్స్ దాటి రూపాయి ఇవ్వొద్దు. పేరు మారిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కూడా మీ పేరుకు మార్పించుకోవాలి, లేకపోతే బండి దెబ్బతిన్నప్పుడు క్లెయిమ్ దగ్గర చిక్కే.

ఇన్సూరెన్స్‌లో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, కాస్త ఓపిగ్గా చదవండి. రోడ్డెక్కే బండికి థర్డ్ పార్టీ చట్టప్రకారం తప్పనిసరి, సరే. మామూలు ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా, పని చేస్తూ ఉండగా బండి బోల్తా పడితే ఆ నష్టాన్ని సాధారణంగా మినహాయిస్తారు, అదనపు ప్రీమియం కట్టి ఆ కవర్ చేర్పించుకోవాలి. కాలవ గట్టు మీద మొద్దు లాగుతూ ఒరిగిపోవడమే కదా మీ పనిలో అసలు ప్రమాదం! సైట్‌లో జరిగే నష్టాలకు విడిగా సీపీఎం పాలసీ, అంటే కాంట్రాక్టర్స్ ప్లాంట్ అండ్ మెషినరీ, ఉంటుంది. అందులో బీమా మొత్తం మీరు కొన్న ధర కాదు, అలాంటి కొత్త బండి ఈరోజు ధర. కొత్తది 35 లక్షలు అనుకుంటే, మీరు 20 లక్షలకే చేయించి ఉంటే, మూడున్నర లక్షల నష్టానికి అదే నిష్పత్తిలో 2 లక్షలే లెక్కకట్టి, అందులోంచి కూడా మీ వాటా కోత పెడతారు. ప్రీమియం తగ్గుతుందని ఏజెంట్ తక్కువ రాయిస్తానంటే ఒప్పుకోవద్దు.

అరుగుదల, దానంతటదే ఇంజన్ పాడవడం ఈ పాలసీల్లో సాధారణంగా రావు. విడిగా పోయిన టైర్లు, హోసులు, బెల్టులు కూడా అంతే. తుమ్మ ముళ్లకు మీ టైర్లు ఎలా పోతాయో మీకు తెలుసు. ఆ గంటకు 120 అందుకే, వేరే ఖాతాలో, వారం వారం వేయండి. పొద్దున్నే గ్రీజు కొట్టించడం, దుమ్ములో పనిచేసిన రోజు ఎయిర్ ఫిల్టర్ చూడటం, మాన్యువల్ చెప్పిన గంటలకు ఆయిల్ మార్చడం, ఇవన్నీ పుస్తకంలో రాయించండి. క్లెయిమ్ వచ్చినప్పుడూ, బండి అమ్మేటప్పుడూ ఆ పుస్తకమే మీ తరఫున మాట్లాడుతుంది. ఇంకోటి, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినట్టు ఎప్పుడైనా బండి నీళ్లలో ఉండిపోతే స్టార్ట్ చేయకండి. నీళ్లు లాగి ఇంజన్ పోతే అది మీ చేజేతులా జరిగిన నష్టం అంటారు. ఫోటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, సర్వేయర్ వచ్చేదాకా ఆగండి.

ఆపరేటర్‌కు, రంపం పట్టే కుర్రాళ్లకు ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ తప్పకుండా తీసుకోండి, ఆసుపత్రి ఖర్చు కూడా అందులో చేర్పించండి. మనిషికి దెబ్బ తగిలితే 1923 నాటి చట్టం ప్రకారం పరిహారం కట్టాల్సింది యజమానిగా మీరే. మీ మీద కూడా అప్పు మొత్తానికి తగ్గకుండా టర్మ్ పాలసీ (జీవిత బీమా) ఉండాలి.

పొలం పత్రాలు ఇవ్వకండి. బండి ఎలాగూ వాళ్ల హైపోథికేషన్‌లోనే, అంటే అప్పు తీరేదాకా వాళ్లకు తాకట్టుగానే ఉంటుంది, దానిపైన నాన్నగారి భూమి ఎందుకు? చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితమే, చేయించుకోండి, మీ ఖాతా ఉన్న బ్యాంకుకు వెళ్లి సీజీటీఎంఎస్‌ఈ (చిన్న వ్యాపారాల అప్పుకు పూచీ ఉండే ట్రస్టు) గ్యారంటీ మీద తాకట్టు లేకుండా ఇస్తారేమో అడగండి. రెండు బ్యాంకుల జవాబు వచ్చాక, రెడ్యూసింగ్ రేటుతో సహా నాకు రాయండి, కూర్చుని లెక్క చూద్దాం.