కొత్త రబ్బర్ పట్టుకుని ఎగురుతున్న అల్లుడికి

అల్లుడూ,

రాత్రి పదకొండున్నరకు నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున చూసిన. "మామా టేబుల్ టెన్నిస్ బ్యాట్‌కు రబ్బర్ మార్చిన, మస్తుంది, ఇగ నన్ను ఆపేటోడు లేడు" అని, దాని వెనకాల నాలుగు మంటల బొమ్మలు. ఎంతసేపు ఆడినవ్ రా అంటే గంటన్నర అన్నవ్. పెండ్లిచూపుల్లో ఛాయ్ తాగినంత సేపట్ల సంసారం ఎట్లుంటదో తెలుస్తదా? ఫోన్ల చెప్తే సగం విని సరే సరే అంటవ్, అందుకే రాస్తున్న, కూసోని చదువు.

ముందు నా కథ విను. నేను బ్యాంకులో కొత్తగా చేరినప్పటి సంగతి, ఇంటర్ బ్యాంక్ టోర్నమెంట్ ఇంకో పది రోజులుందనంగ అబిడ్స్‌కు పోయి ఓ ఫాస్ట్ రబ్బర్ కొన్న. అప్పటిదాకా నాది యసాకా మార్క్ ఫైవ్, 1969 లో వచ్చిన రబ్బర్ అది, ఇప్పటికీ అమ్ముతున్నరు చూడు. కొత్తదానితోని వారం రోజులు దోస్తుతో టాప్‌స్పిన్ మీద టాప్‌స్పిన్, అంటే బాల్‌ను ముందుకు తిప్పి కొట్టుడే, బాల్ బుల్లెట్ లెక్క పోతుంది, నేను గాల్లో తేలుతున్న. టోర్నమెంట్‌ల మొదటి రౌండ్‌లనే ఓ బట్టతల పెద్దమనిషి తగిలిండు, చెమట కూడా పట్టకుండా చిన్న చిన్న చాప్ సర్వీసులు, అంటే బాల్‌ను కోసినట్టు వెనక్కి తిప్పేవి, వేసిండు, నేను పుష్ చేసిన, అంటే మెల్లగ నెట్టిన, ప్రతి బాల్ నూనెల పూరీ లెక్క పొంగుడే, ఆయన టప్ టప్ అని కొట్టుడే. అప్పుడు గేమ్ అంటే 21 పాయింట్లు, 11 కు తెచ్చింది 2001 లో, రెండు గేములు కలిపి నాకు ఇరవై పాయింట్లు కూడా రాలేదు. రబ్బర్ మంచిదే. వారమంతా నాకు ఇష్టమైన షాట్ ఒక్కటే కొట్టి చూసుకున్న, అదీ నా తెలివి. అందుకే చెప్తున్న, ఏ రబ్బరైనా నీకు ఇష్టంలేని షాట్ల దగ్గరనే చూడాలె. నీకైతే పుష్, షార్ట్ రిసీవ్, బ్యాక్‌హ్యాండ్ బ్లాక్, నాకు తెల్వదా.

ఇంకోటి, నువ్వు ప్లై, అదే బ్యాట్ చెక్క, కూడా మార్చినవ్ అంట, మీ అమ్మ చెప్పింది. రెండూ ఒకేసారి మారిస్తే ఏది ఏం చేస్తుందో దేవుడికి కూడా తెల్వదు. పాత ప్లైకే కొత్త రబ్బర్ అతికించు, ఫోర్‌హ్యాండ్ సైడ్ ఒక్కటే, అవతలి సైడ్ ముట్టుకోకు. గ్లూ ఇప్పుడంతా నీళ్ళదే కదా, తెల్లగ ఉన్నది ఆరి కనపడకుండా అయిందాక ఆగాలె, వానకాలంల ఇంకా లేటయితది, తొందరపడితే బుడగలొస్తయ్. అతికించేటప్పుడు రబ్బర్‌ని గుంజకు, గుంజి అతికిస్తే సాగి ఇంకో రబ్బర్ లెక్క ఆడుతది. మీ అమ్మ చపాతీ కర్ర తీసుకుని మెల్లగ దొర్లించు, కడిగి పెట్టు మళ్ళ నన్ను తిడ్తది. కట్ చేసినంక వంటింటి వెయిట్ మిషన్ మీద పెట్టి పాతదెంత కొత్తదెంత రాసుకో. ఐదు గ్రాములు ఎక్కువుంటే బ్యాట్ తల బరువై చెయ్యి లేటయితది, నువ్వేమో రబ్బర్ స్లో అనుకుంటవ్.

డబ్బా మీద స్పీడ్ ఇంత స్పిన్ ఇంత అని ఉండే నంబర్లు వదిలెయ్. ఎవరి కంపెనీ వాళ్ళు వాళ్ళ లెక్కల వేసుకునేవే అవి, ఒకళ్ళది ఇంకొకళ్ళ దానితోని పోల్చేటట్టు లేదు. రబ్బర్ కింద స్పాంజ్ ఎంత గట్టిదో చెప్పే డిగ్రీలు కూడా అంతే, చైనా రబ్బర్ మీద 39 అని ఉంటే జర్మనీ స్పాంజ్ 47 కన్న మెత్తగుంటది అనుకుంటవ్, వేలు పెట్టి నొక్కి చూడు, చైనాదే గట్టి. స్కేలే వేరు కదా. రబ్బర్ మీద ఐటీటీఎఫ్, అదే ప్రపంచ టేబుల్ టెన్నిస్ సంఘం, గుర్తు ఉందా చూసుకుని అది హ్యాండిల్ దగ్గర కనపడేటట్టు కట్ చెయ్. స్పాంజ్ మ్యాక్స్, అదే అన్నిటికన్న దళసరిది, తెచ్చినవ్ అనుకుంట, నీ వయసుకు 2.0 మిల్లీమీటర్లు సరిపోయేది, కానీ కొన్నవ్ కదా ఇగ కానియ్.

మన హాల్ల పిలగాండ్లు చేస్తరు చూడు, బాల్‌ని రబ్బర్‌కు ఒత్తి బ్యాట్ తలకిందులు చేసి బాల్ వేలాడుతుందని వీడియో తీసుడు. అది మ్యాజిక్ షో రా. జిగురుందని తెలుస్తది అంతే, ఆటల బాల్ ఎట్ల పోతదో దాంతోని తెల్వదు.

ఇగ టేబుల్ దగ్గరికి రా. పాత రబ్బర్ ఉన్న బ్యాట్ ఒకటి పక్కన పెట్టుకో, ఆ సెకండ్ హ్యాండ్ ప్లై ఉంది కదా నీ దగ్గర, దానికి అతికించు. పూర్తిగ ఒక్కలాంటి ప్లైలు కావు కానీ మనలాంటోళ్ళకు ఇంతకన్న ఏముంటది. బాల్ మాత్రం ఒక్కటే బాల్, కొత్త బాల్ మీద పొడి ఉంటది జారుతది, అందుకే కొంచెం వాడిన త్రీ స్టార్ బాల్, అదే మ్యాచ్‌లల్ల వాడేది, తీసుకో, పాత బ్యాట్‌తోని ఓ బాల్ కొత్త బ్యాట్‌తోని ఓ బాల్ అయితే అదేం టెస్ట్. మొదటి రోజు ఏం తేల్చకు, కొత్త రబ్బర్ పైపొర సెట్ అయ్యేందుకు కొన్ని గంటలు పడ్తది.

మొదలు సర్వీస్. షార్ట్ చాప్ సర్వీస్ 20 వెయ్, అవతలి సైడ్ రెండో బౌన్స్ కూడా టేబుల్ మీదనే పడిందా లెక్కపెట్టు. పాతదానితోని 14 పడి కొత్తదానితోని 8 పడ్తే నీకు రబ్బర్ ఒక సంగతి చెప్తుంది, ఆ సంగతి టాప్‌స్పిన్ కొట్టేటప్పుడు చచ్చినా చెప్పదు.

తర్వాత పుష్. దీనికి నాది ఓ జుగాడ్ ఉంది. నెట్ క్లాంపుల దగ్గర రెండు సైడ్లకు చీపురు పుల్లలు టేప్ వేసి నిలబెట్టు, నెట్ మీదికి జానెడు లోపల ఉండేటట్టు దారం కట్టు. నెట్ 15.25 సెంటీమీటర్లు కదా, దాని మీద ఇంకో పది అనుకో. నీ పుష్ ఆ దారం కింద నుంచి పోవాలె. దోస్తును గట్టిగ చాప్ వెయ్యమను, ఒకసారి చాప్ ఒకసారి ఉత్త బాల్ కలిపి వెయ్యమను, చెప్పకుండా. కొత్త రబ్బర్‌ల స్పిన్ ఎక్కువ పట్టేదుంటే వాళ్ళ స్పిన్ కూడా ఎక్కువే పట్టుకుంటది, నువ్వు కొద్దిగ తప్పు యాంగిల్ పెట్టినా బాల్ ఎగిరిపోతది. స్పిన్ బాగొస్తుంది స్పిన్ బాగొస్తుంది అని మురుస్తరు కానీ ఈ రెండో సైడ్ ఎవ్వడూ చెప్పడు. నా బట్టతల పెద్దమనిషి దగ్గర అయ్యింది ఇదే.

బ్లాక్‌కు దోస్తు టాప్‌స్పిన్ ఇస్తుంటే బ్యాట్ కదపకుండా ఒక్క యాంగిల్‌లనే పెట్టి పది బాల్స్ తగలనియ్, ఏం కొట్టకు. పాతదానితోని టేబుల్ మీద పడేవి ఇప్పుడు వెనకాల గోడకు పోతున్నయ్ అంటే బాల్‌ని పైకి విసిరే గుణం ఎక్కువుంది అన్నట్టు. దాన్ని మూసి పట్టుకునేందుకు ఓ నెల పడ్తది, ఆ నెల నీకుందా, పరీక్షలు పెట్టుకుని?

చాప్ బాల్ మీద లూప్, అంటే కింది నుంచి పైకి రాసి కొట్టే టాప్‌స్పిన్, చేసేటప్పుడు మిస్ అయినవాటిని రెండు లెక్కలుగ రాయి, నెట్‌కు పోయినవి వేరే, బయటికి పోయినవి వేరే. అందరూ మొత్తం మిస్సులు లెక్కపెడ్తరు, దానితోని ఏం తెల్వదు. నెట్‌కు ఎక్కువ పోతుంటే రబ్బర్ బాల్‌ను లేపట్లేదు, లేకుంటే స్పాంజ్ గట్టిగుండి నీ చెయ్యి దాన్ని లోపలిదాకా నొక్కట్లేదు. బయటికి పోతుంటే దాని స్పీడ్ నీకు ఎక్కువ. గట్టిగ కొట్టినప్పుడు ఠక్ అని చెక్క తగిలినట్టు చేతికి తెలిస్తే స్పాంజ్ అడుగంటిందన్నట్టు, ఆ చప్పుడు చెవి పెట్టి విను. చప్పుడు అంటే యాదికొచ్చింది, 1952 లో మన బొంబాయిల వరల్డ్ ఛాంపియన్‌షిప్ అయ్యింది, జపాన్ ఆయన హిరోజీ సతో దళసరి స్పాంజ్ అతికించుకుని వచ్చిండు, బాల్ తగిలితే చప్పుడే లేదు, అవతలోళ్ళకు బాల్ ఎప్పుడొస్తుందో తెల్వక పరేషాన్, టైటిల్ ఆయన కొట్టుకుపోయిండు. ఆ తర్వాతనే స్పాంజ్‌కు రూల్స్ వచ్చినయ్, ఇప్పుడు రబ్బర్ స్పాంజ్ గ్లూ అంతా కలిపి 4 మిల్లీమీటర్లు దాటొద్దు.

ఇవన్నీ చేసి నోట్‌బుక్‌ల రాసుకున్నంక మ్యాచ్‌లు ఆడు. నీ ఆట తెలిసినోడితోనొకటి, అస్సలు తెల్వనోడితోనొకటి, ఇగ మూడోది తప్పకుండా లాంగ్ పింపుల్స్ అంకుల్‌తోని, అదే పొడుగు బొడిపెల రబ్బర్ పెట్టుకునేటాయనతోని. ప్రతి హాల్ల ఉంటడు ఒక అంకుల్, నడుం పట్టీ కట్టుకుని, లాంగ్ పింపుల్స్‌తోని పిల్లలను ఏడిపించుకుంట. మన ఇండియా ప్లేయర్ మనికా బత్రా బ్యాక్‌హ్యాండ్‌కు లాంగ్ పింపుల్స్ పెట్టి ఇంటర్నేషనల్‌ల గెలిచినంక ఆ అంకుళ్ళకు ఇంకా ధైర్యమొచ్చింది. ఆయన దగ్గర నీ స్పిన్ నీకే తిరిగొస్తది, అప్పుడు కొత్త రబ్బర్ నీ మాట వింటుందా లేదా తెలుస్తది. మ్యాచ్ అయినంక అవతలోడిని అడుగు, బాల్ బరువుగ వస్తుందా ఉత్తగ ఫాస్ట్‌గ వస్తుందా అని. నీకు ఫాస్ట్‌గ అనిపించేది చానాసార్లు వాళ్ళకు ఈజీగుంటది, నా మాట కాదు వాళ్ళ మాట నమ్ము.

హైదరాబాద్ వాన సంగతి మర్చిపోకు. జూలైల కిటికీలు తెరిచి ఉన్న హాల్ల తేమకు రబ్బర్ మీద సన్నగ చెమ్మ పట్టి బాల్ జారుతది, జిగురు రబ్బర్లకు ఇంకా ఎక్కువ. ఏసీ హాల్ల సూపర్ అనిపించింది ఖైరతాబాద్‌ల వాన సాయంత్రం వేరే బ్యాట్ లెక్క ఉంటది. అందుకే రెండు చోట్ల ఆడి చూడు, ప్రతి గేమ్ మధ్యల పొడి గుడ్డతోని తుడువు. ఇంకా మే నెల ఎండల బ్యాట్‌ను బండి డిక్కీల పెట్టి కాలేజీకి పోయినవ్ అంటే నాకు చెప్పకు, నా బీపీ పెరుగుతది.

ఆ పిలగాడు, నీ దోస్తు, స్పాంజ్‌కు నూనె రాస్తే ఇంకా ఎగురుతది అన్నడంట. వద్దు. రూల్‌కు విరుద్ధం, పట్టుబడ్తే బ్యాట్ పక్కన పెట్టిస్తరు. దానికన్న ముందు, ఆ నూనె పని కొన్ని వారాలకు తగ్గిపోతది, మరి నువ్వు టెస్ట్ చేసింది రబ్బర్‌నా నూనెనా? మా రోజుల్ల సైకిల్ పంక్చర్ సొల్యూషన్ రాసుకునేది, మ్యాచ్ ముందు హాలంతా అదే వాసన, తలనొప్పి లేసేది, 2008 సెప్టెంబర్ నుంచి ఆ స్పీడ్ గ్లూ బంద్ చేసినరు, మంచిగయ్యింది.

ఇంకా మన హైదరాబాద్ ప్లేయర్ ఆకుల శ్రీజ ఏది వాడుతది అని అడగకు. 2022 కామన్వెల్త్ గేమ్స్‌ల శరత్ కమల్‌తోని మిక్స్‌డ్ డబుల్స్ గోల్డ్ కొట్టిననాడు మన హాల్ల లడ్డూలు పంచినం, తెల్లారి నుంచి పిల్లలంతా ఆమె బ్యాట్ మీద ఏముంది అనుడే. ఆమె చెయ్యి స్పీడ్ వేరు, నీది వేరు.

అన్నిటికన్న పెద్ద టెస్ట్ చివరకు చెప్తున్న. రెండు వారాలు కొత్తదానితోని ఆడి అలవాటైనంక ఒక రోజు పొద్దున మళ్ళ పాతది పట్టుకో. కొత్తది పట్టుకున్నరోజు ప్రతి ఒక్కటీ మంచిగనే అనిపిస్తది, కొత్త బట్టలేసుకున్నట్టు. పాతది పట్టుకున్నరోజు "అరె పుష్ ఎంత మంచిగ పడుతుంది" అని నీకే అనిపించిందా, కొత్తది నీకు ఇంకో ఏడాదికి. "ఇదేంది ఇంత చచ్చుగుంది" అనిపించిందా, కొత్తదే ఉంచు, నేనేమనను.

ఆదివారం పొద్దున ఏడింటికి ఆనంద్‌నగర్ రా, రెండు బ్యాట్లు, నోట్‌బుక్, దారం తీసుకుని. పీకిన పాత రబ్బర్ ఇంకోటుంటే చెత్తల వెయ్యకు, ప్లాస్టిక్ షీట్ వేసి పుస్తకంల పెట్టి తీసుకురా, నా బ్యాక్‌హ్యాండ్‌కు పనికొస్తది. చాప్ సర్వీసులు నేనే వేస్త, బట్టతల కూడా ఇప్పుడు నాకే ఉంది.

మీ మామ