డ్రాఫ్ట్‌లో పేరు రాకపోతే?

ప్రశ్న: అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ ఆడినవాణ్ని ఎన్‌బీఏ (అక్కడి అగ్రశ్రేణి ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, ఎవరూ తీసుకోకపోతే అంతటితో సరేనా? టెన్‌డే కాంట్రాక్ట్ అంటే ఏమిటి?

జవాబు: అంతటితో అయిపోదు. కాకపోతే పెట్టె సర్దుకుంటూ తిరిగే బతుకు మొదలవుతుంది. ఎన్‌బీఏలో 30 జట్లు. ఒక్కోదానికి మామూలు ఒప్పందాలు 15, టూవే ఒప్పందాలు 3. టూవే ఆటగాడు ఎక్కువగా జీ లీగ్‌లో (ఎన్‌బీఏకే చెందిన కింది స్థాయి లీగ్) ఆడుతూ, పిలుపొస్తే పై జట్టుకు వెళ్తాడు. సీజన్‌లో 50 మ్యాచ్‌లకు మించి ఆ పై జట్టు మ్యాచ్ జాబితాలో ఉండకూడదు.

టెన్‌డే ఒప్పందాలు జనవరి 5 నుంచి ఇస్తారు. పది రోజులు లేదా మూడు మ్యాచ్‌లు, ఏది ఎక్కువైతే అది. ఒకే ఆటగాడికి ఒక జట్టు సీజన్‌లో రెండుసార్లే ఇవ్వగలదు. ఆపైన కావాలంటే సీజన్ చివరిదాకా పెట్టుకోవాల్సిందే. అందుకే రెండో పది ముగియగానే చాలామందికి మళ్లీ పెట్టె సర్దుడే.

ఇక మిగిలిన దారి విదేశీ క్లబ్బులు. అక్కడ అసలు తంటా జీతం బకాయిలతో. ఒప్పందంలో బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ (ఆటగాళ్లకూ క్లబ్బులకూ మధ్య తగాదాలు తీర్చే అంతర్జాతీయ మధ్యవర్తిత్వ సంస్థ) క్లాజు ఉందో లేదో ముందే చూసుకోవాలి. లేకపోతే బకాయి కోసం ఆ దేశపు న్యాయస్థానాల చుట్టూ తిరగాలి. వైద్యపరీక్షలో నెగ్గితేనే ఒప్పందం చెల్లుతుందనే షరతుకు గడువు రాయించుకోవడమూ ముఖ్యమే. గడువు లేదంటే, ఆట నచ్చనప్పుడు నెపం మోకాలి మీదకు నెట్టి పంపేయొచ్చు. పాత దేశపు సమాఖ్య నుంచి లెటర్ ఆఫ్ క్లియరెన్స్ (వేరే దేశంలో ఆడేందుకు అభ్యంతరం లేదనే పత్రం) రానిదే కొత్త దేశంలో బరిలో దిగనివ్వరు.