పెళ్ళికి నాలుగు నెలల ముందు రొమ్ములు పెంచే ఆపరేషన్ చేయించుకోవచ్చా?

నీకు 24 ఏళ్ళని, నాలుగు నెలల్లో పెళ్ళని, శనివారంలోగా అడ్వాన్స్ కడితే తగ్గింపు ఇస్తామని క్లినిక్ వాళ్ళు అన్నారని రాశావు. చివర్లో "కాబోయే ఆయనకి చెప్పాలా" అని కూడా అడిగావు. నేను 2013లో, 27 ఏళ్ళ వయసులో, పెళ్ళికి మూడు నెలల ముందు ఇదే ఆపరేషన్ చేయించుకున్నాను. 2022లో రెండు ఇంప్లాంట్లూ (రొమ్ములు పెద్దవిగా కనిపించడానికి లోపల పెట్టే సంచులు) తీయించేశాను. అందుకే చెల్లీ అని పిలిచే చనువు తీసుకుంటున్నాను.

ముందుగా, నీ కోరికలో తప్పేమీ లేదు. "దేవుడిచ్చిన శరీరాన్ని కోయించుకుంటావా" అని ఇంట్లో ఎవరైనా అంటే సిగ్గుపడకు. మా ఊళ్ళో జాకెట్లు కుట్టే ఆవిడ కొలత తీసిన ప్రతిసారీ, పక్కన నలుగురూ వింటుండగానే "కప్పులు పెట్టి కుట్టేదా పాపా" అనేది. ఆవిడకి అది మామూలు ప్రశ్నే. నేను మాత్రం పదహారేళ్ళ నుంచి ఆ గడప తొక్కాలంటే వణికిపోయేదాన్ని. హాస్టల్లో బట్టలు మార్చుకోవాలంటే బాత్రూమ్‌లోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకునేదాన్ని. ఆపరేషన్ అయ్యాక ప్యాడ్లు లేని జాకెట్టుతో పీటల మీద కూర్చున్నప్పుడు నాకు కలిగిన సంతోషం నిజమైనదే. ఆ ఫోటోలంటే ఇప్పటికీ ఇష్టమే.

నా పొరపాటల్లా ముహూర్తం ముందు పెట్టుకుని నిర్ణయం తీసుకోవడం. లగ్నపత్రిక రాసేశారు, ఈలోగా అయిపోవాలి, అంతే. డాక్టర్‌తో మాట్లాడింది పావుగంట. అందులో పది నిమిషాలు సైజు గురించే. ఇవి జీవితాంతం ఉండేవి కావని ఆ గదిలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇరవై ఏడేళ్ళకి పెట్టించుకుంటే ముప్పై ఏడుకో నలభై అయిదుకో మళ్ళీ బల్ల ఎక్కాల్సి రావచ్చన్న ఊహే నాకు రాలేదు.

లోపల ఏం జరుగుతుందంటే, ఇంప్లాంట్ పెట్టగానే శరీరం దాని చుట్టూ ఒక పొర కట్టుకుంటుంది. అది అందరికీ జరిగేదే. కొందరిలో ఆ పొర గట్టిపడి, బిగుసుకుని, ఇంప్లాంట్‌ని పిండేస్తుంది. దాన్ని క్యాప్సులర్ కాంట్రాక్చర్ అంటారు. నాకు ఏడో ఏట మొదలైంది. కుడివైపు ముందు కాస్త పైకి లాగినట్టు కనిపించింది, తర్వాత రాయిలా అయింది. ఆ వైపు తిరిగి పడుకోలేకపోయేదాన్ని. మా చిన్నది పరుగెత్తుకొచ్చి గుండెల మీద వాలితే ప్రాణం పోయినట్టుండేది.

అప్పుడు చదవడం మొదలుపెట్టాను, ముందే చదవాల్సినవన్నీ. 2019 జులైలో అలెర్గాన్ కంపెనీ బయోసెల్ అనే గరుకు రకం ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. వాటి చుట్టూ కట్టే పొరలో అరుదుగా ఒక రకం లింఫోమా, అంటే రోగనిరోధక కణాల క్యాన్సర్, వస్తోందని తేలడమే కారణం. నావి ఏ రకమో అప్పటికి నాకు తెలియదు. ఆపరేషన్ రోజున ఇచ్చిన ఇంప్లాంట్ కార్డు ఎక్కడ పెట్టానో గుర్తు లేదు. చేసిన క్లినిక్ అప్పటికే మూతపడింది. పదకొండు రోజులు ఇల్లంతా వెతికాను. చివరికి బీరువాలో, పెళ్ళి నగల బిల్లులున్న కవర్లో దొరికింది. నావి ఆ రకం కావు. ఆ పదకొండు రాత్రులు ఎలా గడిచాయో ఎవరికీ చెప్పలేను. నువ్వు చేయించుకుంటే కంపెనీ పేరు, రకం, సీరియల్ నంబరు ఉన్న ఆ కార్డును ఫోటో తీసి మూడు చోట్ల దాచుకో.

2021 అక్టోబరులో అమెరికాలో మందుల్నీ, వైద్య పరికరాల్నీ నియంత్రించే ఎఫ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ ఈ ఇంప్లాంట్లకు తన దగ్గరున్న అతి గట్టి హెచ్చరిక పెట్టింది. ఇవి జీవితకాలపు పరికరాలు కావని, ఉంచుకున్న కొద్దీ ఇబ్బందులు వచ్చే అవకాశం పెరుగుతుందని అందులో ఉంది. సిలికాన్‌వి లోపల చిరిగినా బయటికి తెలియకపోవచ్చు. అందుకే అయిదారేళ్ళకు ఒకసారి, ఆ తర్వాత రెండు మూడేళ్ళకోసారి అల్ట్రాసౌండో ఎమ్మారైయో తీయించుకోమంటారు. అడ్వాన్స్‌తో పాటు ఆ ఖర్చు కూడా లెక్క వేసుకో. అందం కోసం చేసే ఆపరేషన్‌కి మన దగ్గర 18 శాతం జీఎస్టీ ఉంది. ఇంప్లాంట్లు తీయించుకున్నప్పుడు నా ఇన్సూరెన్స్ పాలసీ ఒక్క రూపాయి ఇవ్వలేదు.

ఇక ఆయనకి చెప్పాలా అన్నది. నేను చెప్పలేదు. కుట్ల మచ్చ రొమ్ము కింద మడతలో ఉండేది. పెళ్ళయిన నెలకి ఆయన చూసి "ఇదేంటి" అని అడిగితే, నోటికొచ్చినట్టు "గడ్డ ఉంటే తీశారు" అన్నాను. వాళ్ళ అమ్మమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయిందని నాకు అప్పటికి తెలియదు. ఆ తర్వాత రెండేళ్ళు ఆయన ప్రతి ఆరు నెలలకీ "చెకప్‌కి వెళ్ళావా, నన్ను తీసుకెళ్ళమంటావా" అని అడిగేవాడు. ఒకసారి ఆఫీసుకి సెలవు కూడా పెట్టాడు. నా అబద్ధానికి ఆయన భయపడుతుంటే చూస్తూ కూర్చున్నాను చెల్లీ. పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు, పాలివ్వడం గురించి డాక్టర్‌ని అడగాల్సి వచ్చి, ఇక దాచలేక చెప్పేశాను. ఆపరేషన్ గురించి ఆయన ఒక్క మాట అనలేదు. గడ్డ అన్నందుకు మాత్రం వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. నీ శరీరం గురించి ఎవరికి చెప్పాలో నీ ఇష్టం. కానీ చెప్పకూడదనుకుంటే, ఆ మచ్చకి ఏం సమాధానం చెబుతావో కూడా ఇప్పుడే ఆలోచించుకో.

పాలు నేను ఇద్దరికీ ఇవ్వగలిగాను. నాకు కోత మడతలో పెట్టారు. చనుమొన చుట్టూ కోస్తే పాలనాళాలకీ, స్పర్శకీ దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ. ఆ సంగతి తప్పకుండా అడుగు. కాన్పులతో ఎలాగూ ఆకారం మారుతుంది. పిల్లల్ని త్వరగా కనాలనుకుంటే అదొక్కటే ఆగడానికి సరిపోయే కారణం.

నాలుగు నెలలు చాలవా అంటే, లేచి తిరగడానికి చాలుతాయి. కానీ వాపు పూర్తిగా తగ్గి, ఇంప్లాంట్లు కిందికి దిగి కుదురుకోవడానికి నెలలు పడుతుంది. మధ్యలో చీము పట్టినా, రక్తం గడ్డకట్టినా పెళ్ళిపనుల్లో నీకు పడుకునే తీరిక ఎవరిస్తారు? నేను ముందే కుట్టించిన పెళ్ళి జాకెట్టు పట్టక, పెళ్ళికి నాలుగు రోజుల ముందు విప్పి మళ్ళీ కుట్టించాల్సి వచ్చింది.

రెండోసారి నేను వెళ్ళిన సర్జన్ మొదటి రోజు తేదీ ఇవ్వలేదు. బాగా కుదిరినవే కాకుండా కుదరనివాటి ఫోటోలు కూడా చూపించి, పది రోజుల తర్వాత రమ్మన్నారు. మార్చి కొత్తవి పెట్టొచ్చు, ఊరికే తీసేయొచ్చు, పొట్ట దగ్గరి కొవ్వు కొంత ఎక్కించొచ్చు అన్నారు. నేను తీసేయమన్నాను. నలభై అయిదులో మూడో ఆపరేషన్ నాకు వద్దు. తీశాక మొదటి ఆపరేషన్‌కి ముందున్న రొమ్ములు తిరిగి రాలేదు. చర్మం వదులై ముడతలు పడింది. మొదటి నెలంతా అద్దం ముందు ఏడ్చాను. ఇప్పుడు ఏడవను. మా చిన్నది వచ్చి వాలితే హాయిగా ఉంటుంది.

పుట్టుకతోనే ఒకటి బాగా చిన్నదిగా ఉంటే, లేదా క్యాన్సర్‌తో ఒకటి తీసేసి ఉంటే అది వేరే సంగతి. వాళ్ళకి నా అనుభవం అంతగా పనికిరాదు.

శనివారం డబ్బు కట్టకు. వెళ్ళాలనిపిస్తే వెళ్ళు, మాట్లాడు. చేసేవారికి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. గానీ డీఎన్‌బీ గానీ స్పెషలిస్టు డిగ్రీ ఉందా, మత్తు ఇచ్చే డాక్టర్ ఎవరు, ఏ కంపెనీ ఇంప్లాంట్, గరుకుదా నున్ననిదా, పదేళ్ళ తర్వాత తీయాల్సి వస్తే ఎంతవుతుంది, ఇవన్నీ కాగితం మీద రాయించుకుని రా. పెళ్ళయ్యాక, ఒక ఏడాది పోయాక ఆ కాగితం మళ్ళీ తీసి చూడు. అప్పటికీ కావాలనిపిస్తే నాకు రాయి, తోడు రమ్మన్నా వస్తాను.